ట్రక్కు దిగిన ఆవుల వంశం

వర్జీనియా రాష్ట్రం కల్పెపర్ కౌంటీలో కాపురముంటున్న బండారి యాదయ్య అనే నేను, తండ్రి పేరు బ్రహ్మయ్య, పుట్టింది నల్లగొండ జిల్లాలో, వయసు డెబ్భై నాలుగు, చదివింది పశువైద్యం, బతికింది ఆవుల మీద, తెలివి తెలివిలోనే ఉండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పించకుండా, నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న వీలునామా ఇది. దీనికి ముందు రాసినవేవైనా ఉంటే అవి నేటితో చెల్లవు. నాకు తుంటి విరిగిందే గానీ మెదడుకేమీ కాలేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఆ కాగితంలో మొదటి సగం మాత్రమే నిజమని మా ఆవిడ లలిత అంటోంది. ఆ అభ్యంతరాన్ని కూడా నమోదు చేస్తున్నాను.

మా లాయరు ఇంగ్లిష్‌లో తయారుచేసిన వీలునామా వేరే ఉంది. ఆస్తి విషయంలో రెంటికీ తేడా వస్తే లాయరుదే చెల్లుతుంది. ఎవరికి ఏది ఎందుకిచ్చానన్న దగ్గర తేడా వస్తే ఇది చెల్లుతుంది.

1. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత నా కూతురు భావనది. షాంటిలీలో ఉంటుంది కాబట్టి గంటలో రాగలదు. దానికి చిన్నప్పటి నుంచీ ఒక గుణం ఉంది. మందను లోపలికి తోలేటప్పుడు అరవదు, పరిగెత్తదు, గేటు దగ్గర ఊరికే నిలబడుతుంది. ఆవులు వాటంతటవే వెళ్లిపోతాయి. నేను పోయాక మనవాళ్లను కూడా అలాగే తోలమని కోరుతున్నాను.

2. ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్న జాగా, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య లలితకు. ఆమె తర్వాత భావనకు. ఇందులో నేను ఇచ్చేదేమీ లేదు. ఈ భూమి కొన్న డబ్బులో ముప్పాతిక భాగం లలిత ఆసుపత్రి ఫార్మసీలో నిలబడి సంపాదించిందే. నేను యూనివర్సిటీ తరఫున ఊరూరా తిరిగి రైతులకు ఏ ఆవును ఉంచుకోవాలో, దేన్ని అమ్మాలో చెప్పే ఉద్యోగం చేసేవాణ్ని. జీతం తక్కువ, మాటలు ఎక్కువ.

కొనే ముందు లలిత రెండు షరతులు పెట్టింది. ఒకటి, గొడ్డుమాంసం మన గడప తొక్కకూడదు. అది సులువు, నేనూ తినను. కానీ మందను పెంచేది మాంసానికేనని మా ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు ఎప్పుడూ నటించలేదు. రెండోది: "మీరు ఏటా అమ్మకానికి ట్రక్కెక్కించే ఆవులల్ల ఒక్కదాన్ని నేను దించుకుంట. ఎందుకని అడగొద్దు." నేను నవ్వి ఒప్పుకున్నాను. ఒక్క ఆవుతో మునిగేదేముంది అనుకున్నాను. ఆ షరతు నా చదువునంతా తిరగరాసింది కనుక దాని సంగతి ఇక్కడ రాయాలి.

3. మా కాలంలో పెద్దపెద్ద వాళ్లు చెప్పిన సూత్రం ఇది: పదేళ్లు నిండిన ఆవును, అది చూడితో ఉన్నా సరే, అమ్మెయ్యాలి. పళ్లు అరుగుతాయి, ఒళ్లు తగ్గుతుంది, ఏదో ఒక చలికాలం చచ్చి నష్టం తెస్తుంది. కాస్త కండ ఉండగానే తూకానికి అమ్మి, ఆ చోట ఒక పెయ్యను నిలబెట్టుకోవాలి. నేనూ ఇదే చెప్పేవాణ్ని. స్లైడ్లు కూడా ఉండేవి.

పొలం కొన్నాక మొదటిసారి ఒక అక్టోబరులో ట్రక్కు వచ్చింది. పదేళ్లవి ఆరు ఎక్కాయి. లలిత డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా తెల్లకోటు ఒంటిమీదే ఉంది. గడ్డిలో బూట్లు తడుస్తున్నా నడుచుకుంటూ వచ్చి, కమ్మీల సందుల్లోంచి లోపలికి చూసి, "నలభై ఏడును దించుండ్రి. అది నాది" అంది.

నలభై ఏడు చూడ్డానికి ఏమీ గొప్పగా ఉండదు. పొట్టి, వెడల్పు, నల్లటి ఆంగస్ ఆవు. చెవికున్న నంబరు తప్ప గుర్తుపట్టడానికి ఏమీ లేదు. డ్రైవరు గొణుక్కుంటూ దించాడు. లలిత దానికి మంగ అని పేరు పెట్టింది. నంబరున్న ఆవుకు పేరెందుకని నేనన్నాను. అది మిమ్మల్ని అడగలేదు కదా అంది.

మరుసటి మార్చిలో మంగ ఈనింది. ఎవరూ చూడకముందే ఈని, దూడను నాకి, పాలు తాపేసి నిలబడింది. ఆ మరుసటేడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఏటా లలిత ఒకదాన్ని దించుతూనే ఉంది. చీపురుకట్టంత తోక ఉందని ఒకదాన్ని, తనవైపు చూసిందని ఇంకోదాన్ని. అన్నీ బాగా ఈనాయని రాయను. ఒకటి మరుసటి చలికే చచ్చిపోయింది, రెండు గొడ్డుపోయాయి. కానీ మిగతావి పన్నెండేళ్లకు, పద్నాలుగేళ్లకు కూడా దూడ తప్పలేదు. మంగ పదిహేడో ఏట ఆఖరి దూడను వేసింది.

అప్పుడు నేను కూర్చుని ఆలోచించాను. ఒక పెయ్యను, పుట్టిన రోజు నుంచి తొలిసారి ఈనేదాకా ఊరికే మేపాలి. ఆ మేపిన ఖర్చు తిరిగి రావాలంటే అది అయిదారు దూడల్ని ఇవ్వాలి. ఆ తర్వాత పుట్టేవే మన చేతికి మిగిలేవి. అంటే ఆవు ఖర్చు తీర్చి లాభం చూపించడం మొదలుపెట్టిన రెండు మూడేళ్లకే నేను దాన్ని ట్రక్కెక్కిస్తున్నాను. మామిడి చెట్టు కాపుకొచ్చాక నరికి మళ్లీ మొక్క నాటినట్టు.

దూడ పుట్టినప్పటి బరువు త్రాసు చెబుతుంది. పాలు మరిపించేనాటి బరువూ త్రాసే చెబుతుంది. పదిహేడో ఏట ఈనుతుందా అన్నది మాత్రం పదిహేడేళ్లు ఆగితేనే తెలుస్తుంది. వ్యాపారం చేసేవాడెవడూ అంతకాలం ఆగడు. మా ఇంట్లో ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే మా ఆవిడతో ఒప్పందం ఉంది. ఆ దించిన ఆవుల కొడుకులనే ఆబోతులుగా, కూతుళ్లనే తల్లులుగా ఉంచుకుంటూ వచ్చాను. ఇవాళ పొలంలో ఉన్న మంద దాదాపు అంతా ఆ వంశమే.

కాబట్టి: వాగు అవతలి మేత బీడు, అందులో ఉన్న ముసలి ఆవులన్నీ లలితవి. ఏటా ఒకదాన్ని దించుకునే హక్కు ఆమె బతికున్నంత కాలం చెల్లుతుంది. మంద ఎవరి చేతికి వచ్చినా దీనికి కట్టుబడాలి. ఎందుకని అడగకూడదు.

4. రోడ్డవతలి పొరుగు రైతు వాల్టర్ హెన్స్‌లీకి, ఆయన బతికున్నంతకాలం, ఏటా మా మందలోంచి ఒక కోడెదూడ ఉచితంగా. అయితే మొదట ఎంచుకునే హక్కు మందవాళ్లది, రెండోది ఆయనది. ఆబోతును ఎంచడంలో వాల్టర్ చూపు ఎలాంటిదో నాకు తెలుసు.

మేమిద్దరం వయసులో ఉన్నప్పుడు చెరి సగం వేసుకుని ఒక ఆబోతును కొన్నాం. పేరు గవర్నర్. పోటీల్లో గెలిచింది. పక్కన నిలబడితే మనిషి కనపడడు. దాని దూడలు పాలు మరిపించేనాటికి మందలో అన్నిటికంటే బరువు తూగాయి. ఆ ఏడు మేమిద్దరం సంతలో మీసం మెలేసి తిరిగాం, వాల్టర్‌కు మీసం లేకపోయినా.

తర్వాత ఆ దూడల్లో పెయ్యలు ఎదిగాయి. ఒక్కొక్కటి రెండు ఆవుల మేత మేస్తుంది, వేసేది మాత్రం ఒక్క దూడే. గడ్డి బాగున్న ఏడు సరే. గడ్డి పల్చబడ్డ ఏడు తిన్నదంతా ఒంటికే చాలక ఎదకు రాలేదు. పైగా గవర్నర్‌తో కట్టిన తొలిచూలు పెయ్యలు ఈనలేక నరకం చూశాయి. దూడలు అంత పెద్దవి. ఒక్క వసంతంలో నేను ఎన్ని పొట్టలు కోసి కుట్టానో. వాల్టర్ తన మందలో ప్రాణంగా పెంచుకున్న పెయ్య నా చేతుల్లోనే పోయింది.

గవర్నర్‌ను అమ్మేద్దామన్నాను. పెయ్యను కాపాడలేనివాడివి ఆబోతును తప్పుపడుతున్నావా అని ఆయన అన్నాడు. నేనూ ఊరుకోలేదు. మర్నాటికి మా రెండు పొలాల మధ్య గేటుకు గొలుసు పడింది. ఆబోతు ఆయన వైపు ఉండిపోయింది. కొన్నేళ్లు మా మధ్య మాటల్లేవు. చర్చి విందులో కూడా ఆయన బంగాళాదుంప సలాడ్ గిన్నె నా దాకా రాకుండా తిప్పేసేవాడు.

మళ్లీ మాట కలిపింది కరువు. ఆ వేసవి వాగు ఎండింది. ఎండుగడ్డి చుట్టల కోసం పెన్సిల్వేనియా దాకా వెళ్లినవాళ్లున్నారు. చలికాలం ముందు చూడి పరీక్షలు చేస్తే వాల్టర్ ఆవుల్లో సగం వట్టివి. మా పొట్టివి తక్కువ తిని, ఎప్పట్లాగే చూడి కట్టాయి. ఒక ఆదివారం పొద్దున వాల్టర్ రోడ్డు దాటి నడిచి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, నా వైపు చూడకుండా, లలితతో అన్నాడు: "మేడమ్, మీరు ట్రక్కు దించిన ఆవుల కొడుకొకటి నాకు అమ్ముతారా?"

లలిత ముందు టీ తాగమంది. ధర మా ఆయన్ని అడుగు, పేరు మాత్రం నేను పెట్టి పంపిస్తా అంది. మంగ కొడుకుల్లో ఒకడికి శాంతయ్య అని పేరు పెట్టి ఇచ్చింది. వాల్టర్‌కు నోరు తిరగక షాంటీ అని పిలిచేవాడు. దాన్ని తోలుకెళ్లడానికి గేటు తీయాలి కదా, గొలుసును తనే కత్తిరించాడు. ఆ సాయంత్రం మేం పాత సంగతులేవీ మాట్లాడుకోలేదు. ఆబోతు ఆయన ఆవుల మధ్యకు నడిచి వెళ్తుంటే ఇద్దరం కంచె మీద మోచేతులు ఆనించి చూశాం.

5. హైవేకు ఆనుకుని ఉన్న నలభై ఎకరాల చెలక నా కొడుకు రవికాంత్‌కు. దాన్ని అమ్ముకున్నా, ఉంచుకున్నా, ఎవరూ ఒక్క మాట అనకూడదు.

వాడి మీద మన బంధువుల్లో ఒక మాట తిరుగుతోంది, తండ్రి మంచాన పడితే పొలం బేరం పెట్టాడని. అది తప్పు. జరిగింది ఇది. మొన్న చలికాలం నేను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు డేటా సెంటర్ కట్టే కంపెనీ ఒకటి మొత్తం భూమికి ధర చెప్పింది. వాడు సన్నీవేల్ నుంచి విమానమెక్కి వచ్చి, ఆఫర్ చదివి, మాకు అర్థమయ్యేలా చెప్పాడు. నాన్నా, నువ్వు జీవితాంతం ఆవులతో సంపాదించింది ఆ కంపెనీ ఒక్క సంతకానికి ఇస్తానంటోంది, ఇద్దరూ షాంటిలీలో భావన పక్కన హాయిగా ఉండండి అన్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు. నేనూ సగం ఒప్పుకుని, మందను వేలం వేసే ఆయనకు ఫోన్ చేసి తేదీ కూడా అడిగాను.

రవికాంత్ పశువుల పాక గడప తొక్కడని కూడా అంటారు. వాడికి పన్నెండేళ్లప్పుడు కౌంటీ ఫెయిర్‌లో జరిగే పశువుల పోటీ కోసం ఒక కోడెను పెంచాడు. స్కూలు నుంచి రాగానే దాన్ని తోమేవాడు, దానికి పాఠాలు చదివి వినిపించేవాడు. మొదటి బహుమతి వచ్చింది. ఆ సాయంత్రమే వేలంలో మాంసానికి అమ్ముడైంది. అక్కడి పద్ధతి అదే, వాడికి ముందే చెప్పాను. చెప్పినంతలో అర్థమైపోతుందా. ఇంటికొచ్చాక, బహుమతిగా ఇచ్చిన నీలం రిబ్బను చెత్తబుట్టలో వేసి పడుకున్నాడు. నేను తీసి దాచాను. నా బీరువా పై అరలో ఉంది రా, రవీ. కావాలంటే తీసుకో. వద్దంటే మళ్లీ అదే బుట్టలో వెయ్యి, ఈసారి తీసేవాడుండడు.

6. మిగతా పొలం, పాక, ట్రాక్టరు, పనిముట్లు, ఆవులు, పెయ్యలు, ఆబోతులు, అంటే మంద మొత్తం, నా అల్లుడు చక్రధర్‌కు. ఇది చదివి తెనాలిలో ఉన్న మా వియ్యంకుడికి తల తిరగవచ్చు. నెమ్మదిగా చెప్పండి.

చక్రధర్‌ది ఉల్లిపాయ కూడా తినని ఇల్లు. పిస్కాటవేలో ఎమ్మెస్ చేస్తూ భావనకు పరిచయమయ్యాడు. మీ నాన్న ఏం చేస్తారని వాళ్లవాళ్లు అడిగితే మా అమ్మాయి పశువైద్యుడని చెప్పింది. అది అబద్ధం కాదు. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు గేటు మీది బోర్డు, దాని మీద ఆబోతు బొమ్మ, కింద ‘మాంసపు పశువులు’ అని రాసింది చూసి కారు ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత వచ్చాడు, నమస్కారం పెట్టాడు, కానీ చాలాకాలం సొంత కుక్కర్ కారు డిక్కీలో పెట్టుకునే వచ్చేవాడు. పొలం గేటు ఏనాడూ దాటలేదు. లలిత చిన్నబుచ్చుకునేది. నాకు మాత్రం కోపం రాలేదు. నమ్మినదాన్ని కుక్కర్‌తో సహా మోసుకు తిరిగే మనిషి కదా అనిపించేది.

ఫిబ్రవరిలో, ఈతలు మొదలైన వారంలో, గేటు తీస్తుంటే మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. నన్ను అంబులెన్స్ తీసుకుపోయింది. ఇంటి దగ్గర లలిత, ఇవాళో రేపో ఈనబోయే పెయ్యలు, భుజం నొప్పితో ఒక చెయ్యి పైకెత్తలేని వాల్టర్. చక్రధర్‌ను ఆ క్రిస్మస్ ముందే కంపెనీ తీసేసింది. నువ్వు మామయ్యగారి దగ్గర ఉండు, నేను అత్తయ్యగారి దగ్గర ఉంటానని భావనకు చెప్పి, మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు.

మూడో నాటి పొద్దున ఆసుపత్రిలో నా ఫోన్ మోగింది. వీడియోలో చక్రధర్ ముఖం, వెనక ఒక పెయ్య రొప్పుతోంది. వాల్టర్ పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. దూడ ముక్కు, ఒక్క కాలు కనబడుతున్నాయి, రెండో కాలు లేదు. అది లోపల మడతపడింది. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మోచేతి దాకా కడుక్కో, సబ్బునీళ్లు రాసుకో అన్నాను. అతను కళ్లు మూసుకున్నాడు, పెదాలు కదిలాయి, ఏ దేవుణ్ని తలుచుకున్నాడో, చెయ్యి లోపల పెట్టాడు. నొప్పి ఆగినప్పుడు దూడను వెనక్కి నెట్టు, గిట్టను అరచేతిలో మూసిపట్టు, తల్లికి గీసుకోకూడదు, ఇప్పుడు మెల్లగా ముందుకు లాక్కో. నేను చెబుతుంటే నర్సు వచ్చి నా నాడి చూడబోయి, ఫోన్‌లోకి చూసి, అక్కడే నిలబడిపోయింది.

దూడ బయటపడింది, కదల్లేదు. గడ్డిపరకతో ముక్కులో గిలిగింతలు పెట్టమన్నాను. పెట్టాడు. అది తుమ్మింది. అతని కళ్లజోడు మీదంతా పడింది. వాల్టర్ నవ్వడం వినిపించింది.

చక్రధర్ నవ్వలేదు. దూడను గడ్డితో తుడుస్తూ అడిగాడు, "మామయ్యగారూ, ఇది చివరికి అక్కడికే కదా?"

"అక్కడికే" అన్నాను.

దూడను తల్లి మూతి దగ్గరికి జరిపాడు. తర్వాత, పక్క దొడ్లో ఇంకోటి తోకెత్తి తిరుగుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నేను నడిచే కర్ర పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఈతలు చివరికొచ్చాయి. అన్నీ అతని చేతుల మీదుగానే. రవికాంత్ ఇంకా ఉన్నాడు. వేలం తేదీ మాట్లాడుకోవడానికి అందరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. అప్పుడు చక్రధర్ అన్నాడు, ఏ పెయ్యకు సాయం చెయ్యాల్సి వచ్చిందో, ఏవి వాటంతటవే ఈనాయో తనకు తేడా కనబడుతోందని. సాయం అవసరమైనవన్నీ నేను నాలుగేళ్ల కింద కండ కోసం బయటి నుంచి తెచ్చిన ఆబోతు కూతుళ్లు. మంగ వంశంలో ఒక్కదానికీ చెయ్యి పెట్టనక్కర్లేకపోయింది. అది అతను ఎవరూ చెప్పకుండానే గమనించాడు.

"నేను తినను, మామయ్యగారూ. తినేవాళ్లను మానిపించలేను. కానీ పుట్టేటప్పుడు తల్లికీ పిల్లకీ నొప్పి లేకుండా ఉండేలా మందను మార్చవచ్చని ఇప్పుడు తెలిసింది. ఆ పని నాకివ్వండి."

రవికాంత్ అడగాల్సినవే అడిగాడు, కోపం లేకుండానే. బావా, దీంట్లో పెద్దగా మిగలదు, ఇల్లెలా గడుస్తుంది అన్నాడు. తనకు ఇంటి నుంచే చేసుకునే కాంట్రాక్ట్ పని ఒకటి దొరికిందని, భావన ఉద్యోగం ఉందని, సాయం లేకుండా ఈనే ఆవుకు మనిషి ఖర్చూ డాక్టరు ఖర్చూ తగ్గుతాయని, దూడలు చావకపోతే అదే ఆదాయమని చక్రధర్ చెప్పాడు. రవికాంత్ చాలాసేపు విన్నాడు. చివరికి, ఈ మాట ముందే చెబితే నేను అంత దూరం నుంచి వచ్చేవాణ్ని కాదు కదా అన్నాడు. భావన నవ్వేసింది. లలిత లేచి వెళ్లి వేలం ఆయనకు తనే ఫోన్ చేసి, రావద్దని చెప్పింది. హైవే పక్క చెలక రవికాంత్‌కు పోవాలన్న మాట ఆ బల్ల దగ్గరే చక్రధర్ నోట వచ్చింది.

ఇప్పుడు చక్రధర్ కుక్కర్ మా వంటింట్లోనే ఉంటోంది. కొత్తగా లలిత కూడా అందులోనే పప్పు వండుతోంది.

7. మంద అందుకున్నవారికి నేను చెప్పేది. ఇది ఆజ్ఞ కాదు, నా వయసుకున్న హక్కు.

తొలిచూలు పెయ్యకు చిన్నగా పుట్టి తర్వాత వేగంగా ఎదిగే దూడల్నిచ్చే ఆబోతునే కట్టు. అలాంటివి అరుదు, కానీ ఉన్నాయి. సంతలో అందరూ చూసేదాన్ని కొనకు. దాని తల్లిని చూడు. తల్లి దొరక్కపోతే కొనకు. ఆవు ఎంత అందంగా ఉన్నా ఏడాది ఈనకపోతే దానికి జాలితో మేత పెట్టకు. జాలి పడటానికి మీ అత్తయ్యకు ఏటా ఒక అవకాశం ఉంది, అది చాలు. మనిషి మీదికి వచ్చేదాన్ని, ఎంత గొప్ప వంశమైనా, వారం ఉంచకు. కోపం కూడా పిల్లలకు దిగుతుంది, మా మేనత్తల్ని చూసి నాకు తెలుసు. ఒకే గుణం వెనక పరిగెత్తకు. బరువొక్కటే చూసి మేము గవర్నర్‌ను తెచ్చుకున్నాం. సులువు ఈత ఒక్కటే చూస్తే నువ్వు కుందేళ్లను పెంచుతావు.

ఏనాడైనా నీ వల్ల కాకపోతే, మనసుకు పట్టకపోతే, అమ్మెయ్. నా ఆత్మ వచ్చి గేటు దగ్గర నిలబడదు.

8. ద్రవ నైట్రోజన్ డబ్బా, అందులో శాంతయ్య వీర్యం గొట్టాలు, చక్రధర్‌కే. గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టకు. డబ్బా నింపడం మర్చిపోతే పాతికేళ్ల మా శ్రమ ఒక మధ్యాహ్నంలో ఆవిరైపోతుంది.

9. మనవరాలు నైనికకు నా ఎర్ర ఉన్ని టోపీ. "తాతా, ఇట్ స్మెల్స్" అని అది ముక్కు మూసుకుంటుంది. ఉతకొచ్చు. కానీ ఒక్కసారి ఉతక్కుండా పెట్టుకుని మందలోకి వెళ్లమనండి. ఆవులు దగ్గరికొస్తాయి.

10. లలితకు, రెండు, మూడు అంశాల్లో రాసింది కాక, ఇంకొకటి. పెళ్లయిన కొత్తలో నాకు చీరలు ఎంచడం రాదని నువ్వు తేల్చేశావు. నిజమే. కానీ ఎంపికే వృత్తిగా బతికినవాడిగా చెబుతున్నాను, నన్ను ఎంచుకున్నది నువ్వే కాబట్టి ఆ ఎంపిక బాగోగులకు బాధ్యత నీదే. నాకు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

11. నా కర్మకాండలకు ఆర్భాటం వద్దు. అగ్నికి ఇవ్వండి. బూడిద ఏ నదిలో కలిపినా సరే, మీకు దగ్గరైనది చూసుకోండి. భోజనాలు శాకాహారమే. వాల్టర్ బంగాళాదుంప సలాడ్ తెస్తాడు, వద్దనకండి.

ఒక్కటే గట్టిగా కోరుతున్నాను. నేను పోయేది ఈతల కాలంలో అయితే, కబురు అందగానే ఎవరూ నేరుగా నా దగ్గరికి రావద్దు. ముందు పాక దాకా వెళ్లి, ఈనబోయే వాటిని ఒకసారి చుట్టి చూసుకుని, అవసరమైనదానికి చెయ్యిచ్చి, దూడ నిలబడి పాలు తాగేదాకా ఉండి, చేతులు కడుక్కుని రండి. నేను ఎక్కడికీ పోను. అవి ఆగవు.

పై అంశాలన్నీ చదువుకుని, చదివించుకుని, మార్చాల్సింది లేదని తృప్తిపడి, ఇద్దరు సాక్షుల ఎదుట, మా ఇంటి వరండాలో, పట్టపగలు సంతకం చేశాను.

తేదీ: 2025 అక్టోబరు 18
స్థలం: కల్పెపర్ కౌంటీ, వర్జీనియా

(సంతకం)
బండారి యాదయ్య

వీలునామా రాసినవారు మా కళ్ల ముందే సంతకం చేశారని, ఆయన స్పృహలోనూ సంతోషంలోనూ ఉన్నారని, ఇందులో మాకు ఏ వాటా లేదని ధ్రువీకరిస్తూ:

సాక్షి 1: డోనా ప్రూయిట్, దాణా దుకాణం యజమాని. (ఇంగ్లిష్ ప్రతి చదివి సంతకం చేశారు. తెలుగు ప్రతిలో తన గురించి ఏమైనా ఉందా అని అడిగారు. లేదని చెప్పాం.)

సాక్షి 2: సంహిత కొండూరి, ఫార్మసిస్టు, లలిత గారి పాత సహోద్యోగి, షాంటిలీ. (తెలుగు ప్రతి పూర్తిగా చదివాను. ఏడో అంశంలో మేనత్తల గురించిన వాక్యం తీసేయమని సలహా ఇచ్చాను. ఆయన ఒప్పుకోలేదు.)